అంగడికెక్కని ఆటపిడులు



మన పత్రిక పాఠకురాలగు నొక సోదరీమణి గడచిన మాసమున నాకొక జాబు వ్రాసినారు. వారి పేరును, ఊరును ఇచట చెప్పను. వారి కుమారుడు అమెరికాలో ఉద్యోగము చేయుచున్నాడు. ఇల్లాలును, రెండేండ్ల బిడ్డయు గలవాడు. టెలివిజనుకు తగిలించి ఆడు వీడియో ఆటలకు చేత పట్టుకొను పిడి యొకటి యుండును గదా, దానినే మన పిల్లలు కంట్రోలరందురు. అట్టి కంట్రోలరు నొకదానిని, అదియు అంగడిలో ఎన్నడును అమ్మకమునకు రానిదానిని, మన లెక్కలో రెండు లక్షల రూపాయలకు పైబడిన వెలకు కొన నిశ్చయించుకొన్నాడట. "దాని ఛాయాపటము పంపినాడు. రంగు లేదు, నునుపు లేదు, మీద చేవ్రాతతో ఒక చీటి యంటించియున్నది. కోడలు ఫోనులో కన్నీరు పెట్టుకొన్నది. ఇది వెఱ్ఱియో, వ్యసనమో, లేక మనకు తెలియని విద్యయో మీరు విచారించి వ్రాయవలెను" అని వారి కోరిక.

పసిబిడ్డల దగ్గును గూర్చియు, ఆవకాయకు పట్టు బూజును గూర్చియు వ్రాయుచుండు ఈ శీర్షికలోనికి ఇట్టి ప్రశ్న వచ్చునని నేననుకొనలేదు. ఐనను ప్రశ్న సంసారమునకు సంబంధించినదే గనుక నెలదినములు ఈ విషయమును శ్రద్ధతో చదివితిని. చదువ చదువ, ఆ యువకుని నోరార తిట్టుటకు నాకు మనసు రాలేదు, మెచ్చుకొనుటకును రాలేదు. ఆ రెంటికి నడుమ చెప్పదగిన మాటలు కొన్ని గలవు.

ముందు మచ్చు అనగా నేమో తెలిసికొందము. కంచు విగ్రహమును పోతపోయు శిల్పి ముందుగా మైనముతో రూపు చేసికొనును. ముక్కు కుదిరినదా, హస్తము ఒప్పినదా అని చూచుకొన్న పిమ్మటనే లోహమును కరగించును. ఆటయంత్రములు చేయు కంపెనీలవారి పద్ధతియు నిట్టిదే. ఒక కంట్రోలరును లక్షల సంఖ్యలో పోతపోయుటకు ఉక్కు అచ్చులు కావలెను. వాని వెల మిక్కుటము. ఒకమారు చెక్కిన యచ్చును మార్చుట కష్టము. కాబట్టి అచ్చుకు పోకమునుపే, ఆ పిడి చేతికి ఇముడునా, బొటనవ్రేలు నొచ్చునా, చిన్నపిల్లల వ్రేళ్లకు మీటలు అందునా అని పరీక్షించుటకు మట్టితోను, నురుగు దిమ్మెలతోను, కొయ్యతోను కొన్ని రూపములు చేయుదురు. ఈ కాలమున కంప్యూటరు చెప్పినట్లు పొరమీద పొర పేర్చు ముద్రణయంత్రము కూడ వచ్చినది. పైరూపు కుదిరిన పిమ్మట లోపలి తీగలను చేతితో అతికించి, ఆడి చూచుదురు. ఇవియే మచ్చులు. పని తీరిన వెనుక వీనిని పగులగొట్టుటయో, ఏ గదిమూలనో పడవైచుటయో ఆచారము. విశ్వామిత్రుని పంతమున ఆకాశమధ్యమున నిలిచిపోయిన త్రిశంకువు వలె కొన్ని మాత్రము అంగడికి ఎక్కక, మట్టిలోను కలియక, నడుమ వ్రేలాడుచుండును. వానిని వెదకి తెచ్చి దాచుకొనువారు నేడు అమెరికాలోను, జపానులోను, ఐరోపాలోను పలువురున్నారు.

ఈ వంశమునకు మూలపురుషుడనదగినవాడు రాల్ఫ్ బేయర్. ఆయన 1922లో జర్మనీదేశమున పుట్టిన యూదుడు. 1938లో, హిట్లరు మూకలు యూదుల దుకాణములను, ప్రార్థనామందిరములను ధ్వంసము చేసిన ఆ రాత్రులకు కొలది మాసములు ముందుగా కుటుంబముతో గూడ అమెరికా చేరినాడు. పిదప న్యూహాంప్‌షైరు రాష్ట్రమున నాషువా పట్టణములో, సైన్యమునకు పరికరములు చేయు శాండర్స్ అసోసియేట్స్ అను కంపెనీలో ఇంజనీరాయెను. ఇంటింట టెలివిజను ఊరక చూచుటకే గదా యున్నది, దానితో ఆడుకొనుటకును వీలుండరాదా అను తలంపు ఆయనకు కలిగి, 1966 సెప్టెంబరు 1వ తేదీన నాలుగు పుటల పత్రము వ్రాసియుంచెను. ఆ మీదట బిల్ హారిసన్, బిల్ రష్ అను ఇద్దరు సహచరులతో గూడి ఒకటి వెనుక నొకటిగా మచ్చులు చేయుచు వచ్చెను. 1968 నాటికి సిద్ధమైన యేడవ మచ్చునకు "గోధుమరంగు పెట్టె" అని పేరు వచ్చినది. చూడముచ్చటగా నుండుటకై పెట్టెచుట్టును కొయ్యచారలు గల అంటురేకు చుట్టిరి. అందువలన ఆ పేరు. మనము వంటింటి అలమరల అరలకు అంటించు రేకు వంటిదే యది.

దానికి రెండు చేతిపెట్టెలు. ఒక్కొక్కదానికి మూడేసి తిరుగుడు బిళ్లలు. ఒక బిళ్ల త్రిప్పిన తెరమీది చుక్క పైకిని క్రిందికిని పోవును. రెండవది త్రిప్పిన ప్రక్కలకు పోవును. మూడవదానితో, కొట్టిన బంతిని నడిదారిలో వంకరగా మరలింపవచ్చును. ఇంతేకాక, అంగడిలో దొరకు ఆటతుపాకిని తెచ్చి, దానిలో వెలుగును గుర్తించు సాధనమును అమర్చి, తెరమీద గుఱి చూచి కొట్టుటకు వీలు కల్పించిరి. అన్నిటికంటె నాకు నవ్వు తెప్పించినది గోల్ఫు ఆట పిడి. ఒక కదలుడు కడ్డీకొనకు నిజమైన గోల్ఫు బంతినే బిగించిరి! ఆడువాడు నిజపు గోల్ఫు కఱ్ఱతో ఆ బంతిని తట్టవలెను. తెరమీది చుక్క దొరలును. తెలివికి చేతిపని తోడైనపుడు అది ఎంత సాదా రూపున నుండునో చూడుడు. ఈ మచ్చునే ఆధారముగా గొని మాగ్నవాక్స్ కంపెనీవారు 1972లో ఒడిస్సీ అను పేర తొలి యింటి ఆటయంత్రమును విక్రయింపజొచ్చిరి.

బేయరుగారి చరిత్రలో నాకు మిక్కిలి నచ్చినది ఆయన కాగితములను దాచిన తీరు. 1972 మే మాసమున కాలిఫోర్నియాలో బర్లింగేమ్ అను చోట ఒడిస్సీ ప్రదర్శన జరిగెను. అటకు వచ్చి చూచినవారు అతిథుల పుస్తకములో సంతకము చేసిరి. అందు నోలన్ బుష్‌నెల్ అనునతడొకడు. అదే సంవత్సరమున అతని అటారీ కంపెనీ పాంగ్ అను బల్లబంతి ఆటను వెలువరించి లోకప్రసిద్ధమాయెను. తరువాత వ్యాజ్యము నడిచినది. ఆ సంతకమును, బేయరుగారు తేదీలతో దాచిన పత్రములును, అటకమీద పారవేయని మచ్చులును సాక్ష్యమునకు నిలిచినవి. 1976లో అటారీవారు రాజీపడి రుసుము చెల్లించి అనుమతి పొందిరి. మన యిండ్లలో పొలము దస్తావేజులను ట్రంకుపెట్టెలో దాచు పెద్దలను "పాతకాగితముల పిచ్చి" అని పిల్లలు పరిహసింతురు గదా, ఈ కథ వారికి వినిపింపవచ్చును. బేయరుగారు ఆ మచ్చులను, పత్రములను 2006లో వాషింగ్టనులోని స్మిత్‌సోనియన్ సంస్థవారి చరిత్ర ప్రదర్శనశాలకు దానమిచ్చిరి. 2014లో ఆయన గతించిన పిదప, ఆయన యింటి క్రిందిగదిలోని పనిశాలను బల్లలతో, పనిముట్లతో సహా ఆ ప్రదర్శనశాలకు చేర్చి, 2015లో ప్రజలు చూచునట్లు నిలిపిరి.

అన్ని మచ్చులును ఇట్లు ఫలించినవి కావు. ఫలింపనివానియందే సేకరించువారికి మోజు మెండు. 1984లో అటారీ కంపెనీవారు మైండ్‌లింక్ అను నొక వింతను ప్రదర్శించిరి. అది చేత పట్టునది కాదు. నుదుటికి కట్టుకొను పట్టీ. పేరు విన్నచో మనస్సులోని తలంపును గ్రహించునని తోచును గాని, అది గ్రహించునది నుదుటి కండరముల కదలికను మాత్రమే. కనుబొమలు ఎగవేసిన తెరమీది వస్తువు కదలును. దానికని ఆటలును సిద్ధము చేసిరి. పరీక్షకు కూర్చున్నవారు కొంతసేపు కనుబొమలెగరవేయగానే తలనొప్పి యని పట్టీ విప్పివేసిరట. భరతముని నాట్యశాస్త్రమున కనుబొమల క్రియలను 7 విధములుగా చెప్పియున్నాడు. వానిని సాధించుటకు నర్తకికి ఏండ్లు పట్టును. అట్టిది, సాయంకాలము ఉద్యోగమునుండి వచ్చి కూర్చున్నవాని నుదురు గంటసేపు నాట్యమాడుమనిన ఎట్లు ఆడును? ఆ యేడు జులై మాసమున అటారీ గృహయంత్రముల విభాగము జాక్ ట్రామియెల్ అను వర్తకుని వశమాయెను. మైండ్‌లింక్ అంతటితో ఆగిపోయినది. మిగిలిన పట్టీలు బహు కొద్ది.

నింటెండో అను జపాను కంపెనీవారు 1985 జనవరిలో అమెరికాలో చూపిన మచ్చునకు తీగలేని కంట్రోలర్లుండెను. వెలుగుకిరణముతో యంత్రమునకు ఆజ్ఞ పంపునవి. అదే సంవత్సరము అక్టోబరులో యంత్రము న్యూయార్కు అంగళ్లకు వచ్చునప్పటికి వానికి తీగలు వచ్చిచేరినవి. సోనీ కంపెనీవారు 2005లో మూడవ ప్లేస్టేషనుకు అర్ధచంద్రుని వలె వంగిన వెండిరంగు కంట్రోలరును చూపిరి. జనులు దానిని చూచి, విసరిన మరల చేతికి వచ్చు ఆస్ట్రేలియావాసుల వేటకఱ్ఱతో పోల్చి నవ్విరి. మరుసటి యేడు 2006లో ఆ రూపమును విడిచి పాతరూపమునకే మరలిరి. నింటెండోవారి వీ యంత్రము కంట్రోలరు, చేత పట్టి గాలిలో ఊపునది, 2006లో వెలువడినది; అంతకుముందు పరీక్షకై చేసినదానికి వారి పాతయంత్రమగు గేమ్‌క్యూబునకు తగులుకొను తీగ యుండెను. అట్టిదొకటి 2018లో జపానులో వేలమునకు వచ్చి, సేకరించువారికి పండుగ చేసినది.

ఇక అందరును చెప్పుకొను కథ యొకటి గలదు. నింటెండో, సోనీ కంపెనీలు రెండును ఒకప్పుడు పొత్తు కుదుర్చుకొన్నవి. నింటెండోవారి ఆటబిళ్లలును, సోనీవారి తళతళలాడు సీడీ పలకలును ఒకే యంత్రమున నడుచునట్లు చేయుట వారి సంకల్పము. 1991 జూనులో షికాగో ప్రదర్శనలో సోనీవారు దానిని ప్లేస్టేషనను పేరుతో ప్రకటించిరి. మరునాడే నింటెండోవారు, తమ పొత్తు ఫిలిప్స్ కంపెనీతోనని అదే ప్రదర్శనలో ప్రకటించిరి! పెండ్లిపీటల మీదనే సంబంధము మార్చినట్లాయెను. ఆ పొత్తు చెడి, సోనీవారు కెన్ కుతరాగి అను ఇంజనీరు నాయకత్వమున తామే వేఱుగా యంత్రము చేసి 1994 డిసెంబరులో జపానులో విడుదల చేసిరి. లోకమంతయు ఎఱిగిన ప్లేస్టేషను అదియే.

చెడిన పొత్తు నాటి మచ్చులలో ఒకటి మాత్రము ఒక చిత్రమైన దారిని బయటపడినది. ఓలఫ్ ఓలఫ్‌సన్ అను నతడు సోనీ ఆటల విభాగమునకు అధ్యక్షుడుగా నుండి, పిదప అడ్వాంటా అను ఋణముల కంపెనీలో చేరెను. ఆ కంపెనీ 2009లో దివాలా తీసినది. కార్యాలయములోని సామానులను వేలము వేసినపుడు, అచట పనిచేసిన ఒక గృహస్థుడు 75 డాలర్లకు ఒక పెట్టెడు సామాను పాడుకొన్నాడు. అందీ యంత్రము నుండెను. కొన్నాళ్లు అది అతని యింటి అటకమీద పడియుండెను. దానితోడి కంట్రోలరు రూపమంతయు నింటెండోవారిది. మీద వ్రాసిన పేరు మాత్రము సోనీ ప్లేస్టేషను. ఒక చేతిపిడిమీద రెండు పగవారి గుర్తులు! 2015లో సంగతి వెల్లడియైనది. సీడీ పలక నడుచుట లేదని, ఒక నేర్పరి 2017 నాటికి బాగుచేసి నడిపించి చూపినాడు. ఒకరు 12 లక్షల డాలర్లకు అడిగినను తానీయలేదని ఆ గృహస్థుడు చెప్పుకొనెను. తుదకు 2020 మార్చిలో వేలమున అది పోయినది 3,60,000 డాలర్లకు.

ఈ రెండంకెలను ఆ యువకుని తల్లియు, భార్యయు, ముఖ్యముగా ఆ యువకుడును జ్ఞాపకముంచుకొనవలెను. 75 డాలర్లు 3,60,000 ఐనదని పత్రికలు వ్రాయును. 12 లక్షలు చేజారి 3,60,000కు దిగినదని వ్రాయువారు తక్కువ. బంగారమునైనచో తాకట్టు కొట్టువాడు తూచి అప్పటికప్పుడు డబ్బిచ్చును. మచ్చును ఏ కొట్టువాడు తూచును? దానికి వెల, దానిని కోరు మనుజుడు ఎదురుపడిననాడే. ఆ మనుజుడు ప్రపంచమున నలుగురిలో ఒకడై యుండును.

వెలకంటె ముఖ్యమైనది వచ్చిన దారి. శమంతకమణి కథను ప్రతి వినాయకచవితినాడును మనము అక్షతలు చేత పట్టుకొని వినుచున్నాము. మణి కనబడలేదు, నింద కృష్ణునిపై పడెను. ఆయన అంతటివాడు గదా, నేనెఱుగనని యూరకుండలేదు. అడవికి పోయి, ప్రసేనుని కళేబరమును చూపి, అచటినుండి సింహపు అడుగులను, సింహము పడినచోటినుండి ఎలుగుబంటి అడుగులను పట్టుకొని, జాంబవంతుని గుహవఱకు పోయి, వెంట వచ్చినవారికి అడుగడుగును చూపెను. మణి ఎవరినుండి ఎవరికి ఎట్లు మారినదో తెలిసినపిమ్మటనే నింద తొలగెను. మచ్చులు కొనువాడు చేయవలసిన పనియు నిదియే. కంపెనీలో ఎవరు చేసిరి? అచటినుండి బయటికి ఎట్లు వచ్చినది? ఉద్యోగి కడకు బహుమానముగా ఇచ్చిరా, దివాలా వేలమున పోయినదా, చెత్తబండినుండి ఏరినదా, లేక సంచిలో దాచి తెచ్చినదా? నడుమ నెందఱి చేతులు మారినది? ఒక్క అడుగు కనబడకున్నను అచట ఆగవలెను.

ఏలయన కంపెనీలు తఱచుగా ఇట్టి వస్తువులను పనివారికిని, ఆటలు వ్రాయువారికిని ఒడంబడికమీద ఎరువిచ్చును గాని విక్రయింపవు. ఎరువు సొమ్మును ఎరువు తెచ్చుకొన్నవాడు అమ్మిన, కొన్నవానికి హక్కు ఎట్లు వచ్చును? సొంతదారు వచ్చి అడిగిననాడు వస్తువును పోవును, ధనమును పోవును. "పారవేసిరి గనుక నేను రక్షించితిని" అను మాట కొన్నిపట్ల సత్యమే. అట్లు చెత్తనుండి దక్కినవి లేకున్న ఈ చరిత్రలో సగము మనకు తెలియకపోయెడిది. కాని ఆ మాటనే దొంగయు చెప్పుకొనును.

రెండవ భయము నకిలీ. పొరలుగా ముద్రించు యంత్రములు ఇప్పుడు ఇంటింటికి వచ్చుచున్నవి. ముతకగా, రంగులేక, చీటి యంటించియుండుటయే మచ్చునకు గుర్తని తెలిసినవాడు అట్టిదానిని ఒక్క రాత్రిలో చేయగలడు. దీనికి మందు విప్పి చూచుట. లోపలి పలకమీది చిప్పులలో చాలవానిపై నాలుగంకెల తేదీ యుండును. మొదటి రెండంకెలు సంవత్సరమును, తరువాతి రెండు ఆ సంవత్సరములో ఎన్నవ వారమో దానిని తెలుపును. 8432 అనిన 1984లో 32వ వారమని యర్థము. 1984 నాటిదని అమ్మువాడు చెప్పిన వస్తువున 8710 అని కనబడిన ఇక మాటలాడ బనిలేదు. లోపలిభాగమును విప్పి చూపుటకు ఒప్పుకొనని అమ్మకందారుకు నమస్కరించి వచ్చివేయవలెను. చీరె మడత విప్పి చూపనివాని కొట్టులో మనము కొందుమా?

ఇంత చెప్పిన పిదప, ఆ సోదరీమణికి నా సమాధానము. అమ్మా, మీ కుమారునిది వెఱ్ఱి కాదు. మనమును సేకరించుచునే యున్నాము. బొమ్మలకొలువు మెట్లమీద ముక్కు విరిగిన మట్టిబొమ్మను అమ్మమ్మనాటిదని పైమెట్టున పెట్టుదుము. ఎదుటింటివారి క్రొత్తబొమ్మలు పది యిచ్చెదమన్నను మార్చుకొనము. ఒక వస్తువు ఎట్లు పుట్టినది, పుట్టకముందు ఎన్ని రూపములు ఎత్తినది అని తెలిసికొనగోరుట మంచి కోరికయే. ఐతే మీ కోడలి కన్నీరు ఆ వస్తువును గూర్చినది కాదని నా అభిప్రాయము. ఇంటి సొమ్ములో రెండు లక్షలు కదలునపుడు తనను ఒక మాట యడుగలేదని ఆమె దుఃఖము. కంట్రోలరును గూర్చి ఆమెకు పాఠము చెప్పుట కాక, సంవత్సరమునకు తన ముచ్చటకింత, ఆమె ముచ్చటకింత, బిడ్డ పేర ఇంత అని ఇద్దరును కూర్చుండి కాగితముమీద వ్రాసికొనుమని మీరు చెప్పుడు. క్రెడిటు కార్డు అప్పుమీద మాత్రము కొనవలదని గట్టిగా చెప్పుడు. అమ్మకందారు వచ్చిన దారిని వ్రాతమూలకముగా ఇచ్చి, లోపలిభాగమును చూపి, వెల ఆ కాగితపు లెక్కకు లోబడియున్న కొననిండు. లేదా విడువనిండు. ఈ లోకమున మచ్చులు ఇంకను బయటపడుచునే యుండును.

కొన్నవానికి ఒక ధర్మము కూడ గలదు. పెట్టెలో పెట్టి తాళము వేసి, ఎవరికిని చూపక, తనకొక్కనికే కలదని సంతసించువారు ఈ సేకరణలోకమున లేకపోలేదు. మన దేశమున తాటాకు గ్రంథములను అటకమీద దాచి, అడిగినవారికీయక, చెదలకు ఆహారము చేసినవారి సంతతివారే వీరని నాకు కోపము వచ్చినది. సి. పి. బ్రౌను దొర ఊరూరికి పండితులను పంపి, సొంతసొమ్ము వెచ్చించి ప్రతులు వ్రాయింపకున్న మన తెలుగు గ్రంథములలో ఎన్ని దక్కియుండెడివో! తనవద్ద నున్నదానిని తానే ఉంచుకొనవచ్చును. కాని అన్ని ప్రక్కల ఛాయాచిత్రములు తీసి, కొలతలు వ్రాసి, లోపలి అతుకులను చిత్రించి పదిమందికి అందనీయవలెను. కేరల్ షా అను విదుషి యుదాహరణము మన పాఠకురాండ్రకు రుచించును. ఆమె 1978లో అటారీలో చేరి ఆటలు వ్రాసిన తొలి స్త్రీలలో ఒకరు. ఆమె వ్రాసిన తొలి ఆట పోలో అంగడికి రానేలేదు. 1982లో ఆమె రచించిన రివర్ రెయిడ్ మాత్రము ప్రఖ్యాతి గాంచినది. ఏండ్ల తరబడి తనవద్ద భద్రపఱచిన వ్రాతలను, పటములను, ఆటబిళ్లలను 2017లో న్యూయార్కు రాష్ట్రమున రాచెస్టరులోని స్ట్రాంగ్ ఆటల ప్రదర్శనశాలకు ఆమె యిచ్చివేసిరి. నేడు ఎవరైనను పోయి చదువుకొనవచ్చును.

ఇక కొన్న వస్తువును ఇంట కాపాడుట స్త్రీలమీదనే పడును గనుక ఆ సంగతి చెప్పి ముగింతును. ఇత్తడి చెంబును తోమినట్లు చింతపండుతోను, సబ్బుతోను దీనిని శుభ్రము చేయబూనరాదు. మెత్తని పొడిగుడ్డతో దుమ్ము తుడిచిన చాలును. మీదనున్న చీటి చిరిగియున్నను, మాసియున్నను ఊడబెఱుకరాదు. చేవ్రాతయే దాని జాతకము. పసుపుపచ్చబడిన ప్లాస్టికును తెల్లచేయుటకు ఏవేవో ద్రావకములు పూయు పద్ధతి యొకటి గలదు; మచ్చులకు అది తగదు, పై పొర పెళుసుబారవచ్చును. కిటికీ వెలుగు తగులుచోట ఉంచరాదు. ముద్రణయంత్రముతో చేసినవి ఎండకు మఱింత త్వరగా రంగు మారి విఱుగును. పూర్వము మెత్తదనమునకై పూసిన రబ్బరుపూత ఏండ్లు గడచిన జిగటపడి చేతికంటుకొనును. అట్టిదానిని ప్లాస్టికు సంచిలో బిగించిన ఇంకను చెడును. నురుగు దిమ్మెలో పొదిగి ఉంచరాదు. ఆ నురుగు కాలక్రమమున పొడియై వస్తువునకు అంటుకొనును. ఆమ్లము లేని కాగితముననో, ఉతికిన నూలుగుడ్డలోనో చుట్టి, గాలి ఆడు అట్టపెట్టెలో పెట్టవలెను. లోపల బ్యాటరీలున్న ఆనాడే తీసివేయవలెను. అవి కారినచో రాగితీగలు పచ్చగా చిలుము పట్టును. సముద్రతీరపు ఊళ్లలో నున్నవారు తేమను పీల్చు సిలికా పొట్లములు రెండు పెట్టెలో వేసి, వానలు మొదలగునప్పుడొకమారు, వెనుకబట్టినప్పుడొకమారు మార్చుచుండవలెను. పిల్లలు వానిని నోట పెట్టుకొనకుండ పెట్టెను పై అరలో నుంచవలెను.